స్టువర్టు రాజుల నాటకశాల

లండను నగరమున వైట్‌హాలు అను రాజవీధి కలదు. ఒకప్పు డచ్చట ఇంగ్లండు రాజుల మహాప్రాసాద ముండెను. 1698వ సంవత్సరమున సంభవించిన అగ్నిప్రమాదమున ఆ ప్రాసాదము చాలవరకు భస్మమయ్యెను. ఆ మంటలకు చిక్కక నిలిచిన గొప్పభవన మొకటి నేటికిని ఆ వీధిలో కనబడును. దానిపేరు బాంక్వెటింగ్ హౌస్, అనగా విందుశాల. పేరునకు విందుశాలయే కాని, రాజులు దానిని విదేశపు రాయబారులను దర్శించుటకును, అంతకంటె ముఖ్యముగా నాటకోత్సవములకును వినియోగించుచుండిరి. దానిని కట్టించినవాడు మొదటి జేమ్సు. అతని కుమారుడు మొదటి ఛార్లెసు అందులో వేషము ధరించి నర్తించెను. కొన్ని యేండ్లకు ఆ శాలగుండనే నడచి వధ్యవేదిక నెక్కెను. ఒక రాజవంశముయొక్క భోగమును, పతనమును ఇంత దగ్గరగా చూచిన కట్టడములు అరుదు.

స్టువర్టులు తొలుత స్కాట్లండు రాజులు. 1603 మార్చి 24వ తేదీన ఎలిజబెత్ రాణి సంతానము లేక మరణింపగా, ఆమె బంధువును స్కాట్లండు రాజునునైన ఆరవ జేమ్సు, ఇంగ్లండునకు మొదటి జేమ్సుగా సింహాసనమునకు వచ్చెను. ఈ వంశమువారి యుద్ధములను, సంధులను, పన్నులను మీరు చరిత్రపాఠములలో చదువుకొందురు. వారు విడిచిపోయిన నాటకరంగమును గూర్చి ఆ పాఠములలో రెండు వాక్యములకంటె ఎక్కువ యుండవు. కాని వారి శాసనములలో అనేకములు చెల్లిపోయినను నాటకరంగము చెల్లిపోలేదు.

ఆ కాలమున ఇంగ్లండులో నటుల స్థితి వింతగా నుండెను. ప్రజలు వారి నాటకములను విరుగబడి చూచుచుండిరి. చట్టము మాత్రము వారిని దేశదిమ్మరులలో జమకట్టెను. 1572 నాటి శాసనము ననుసరించి, ఏ ప్రభువుయొక్క ఆశ్రయమును లేక ఊరూర తిరిగి ఆడు నటుడు కొరడాదెబ్బలకు పాత్రుడు. అందుచే ప్రతి నాటకసమాజమును ఎవరో యొక ప్రభువు నీడను చేరవలసి వచ్చెను. జేమ్సు లండను చేరిన పండ్రెండు దినములకే, అనగా 1603 మే 19వ తేదీన, షేక్స్పియరు సభ్యుడుగానున్న సమాజమును తన పేరిట చేర్చుకొని ఆజ్ఞాపత్ర మొసగెను. నాటినుండి వారు 'రాజుగారి నటులు' అనబడిరి. మరుసటి సంవత్సరము రాజు ఊరేగింపుగా నగరమున ప్రవేశించు సందర్భమున, ఒక్కొక్క నటునకు నాలుగున్నర గజముల ఎఱ్ఱని వస్త్రము ఇయ్యబడెను. రాజగృహపు లెక్కలలో ఆ వస్త్రము పొందిన నటుల పట్టిక కలదు. అందు మొదటి పేరు షేక్స్పియరుది. కవికి రాజసత్కారము మనకు క్రొత్త కాదు. కాని మన కవులు కనకాభిషేకములను పొందినచోట, ఆ మహాకవికి దొరకినది పరిచారకుల దుస్తులకు తగిన బట్ట.

ఐనను ఆ బట్ట వలన రక్షణ కలిగెను. 'కింగ్ లియరు' నాటకము 1606 డిసెంబరు 26వ తేదీన వైట్‌హాలులో రాజు ఎదుట ప్రదర్శింపబడెను. పొగడ్తలను నమ్మి రాజ్యమును పంచిపెట్టిన యొక ముసలిరాజు గాలివానలో తలదాచుకొన చోటు లేక తిరుగుట అందలి కథ. అట్టి కథను సింహాసనమున కెదురుగా ఆడ గలిగిన నటులును, కూర్చుండి చూడగలిగిన రాజును ఆనాడుండిరి. షేక్స్పియరు 1616లో మరణించెను. 1623లో అతని తోడినటులైన హెమింజెస్, కాండెల్ అను ఇరువురు అతని నాటకములను 36 ఒక గ్రంథముగా అచ్చొత్తించిరి. అందు 18 అంతకుముందెన్నడును అచ్చుకానివి. 'మాక్బెత్', 'జూలియస్ సీజరు', 'టెంపెస్టు' ఆ పదునెనిమిదిలోనివే. ఆ ఇరువురు నటులు పూనుకొననిచో ఆ నాటకములు మనకు దక్కియుండునో లేదో!

ఇది బయటి నాటకశాలల సంగతి. రాజప్రాసాదములో మరియొక విధమైన నాటకము పెరుగుచుండెను. దానిని మాస్క్ అనిరి. అందు కథ స్వల్పము. పాట, నాట్యము, వేషము, దృశ్యము అధికము. వృత్తినటులు మాటలాడుదురు, పాడుదురు. రాణియు, దొరసానులును, ఒక్కొక్కప్పుడు రాజును దేవతలవలె దిగివచ్చి నర్తింతురు. మాట ఆడుట వారి గౌరవమునకు తగదు. మొదటి జేమ్సు భార్య, డెన్మార్కు రాజపుత్రి ఆన్, ఈ వినోదమునందు మిక్కిలి ప్రీతి గలది. 1605 జనవరి 6వ తేదీ రాత్రి ఆమె కోరికపై 'మాస్క్ ఆఫ్ బ్లాక్‌నెస్' ప్రదర్శింపబడెను. దాని రచయిత బెన్ జాన్సను. దృశ్యములను కల్పించినవాడు ఇనిగో జోన్సు అను శిల్పి. శాలకు ఒక కొనయందు సముద్రము కనబడెను; యంత్రముల సాయమున అలలు లేచి పడుచుండెను; ఒక పెద్ద ముత్యపుచిప్పలో రాణియు పదునొకండుగురు స్త్రీలును, నైజరు నది పుత్రికలుగా నల్లని రంగు పూసికొని, కూర్చుండి యుండిరి.

దీనికైన వ్యయము సుమారు 3,000 పౌనులు. ఆనాడు గ్లోబు నాటకశాలలో నిలుచుండి నాటకము చూచుటకు రుసుము ఒక పెన్నీ. పౌనుకు 240 పెన్నీలు. కావున ఆ యొక్క రాత్రికైన సొమ్ముతో 7,20,000 మంది గ్లోబులో నాటకము చూడవచ్చును. లెక్క వేసి చూచుకొనుడు.

ఇనిగో జోన్సు ఇటలీ దేశమును చూచి వచ్చినవాడు. దగ్గరి వస్తువులను పెద్దవిగను, దూరపు వస్తువులను చిన్నవిగను చిత్రించి, చదునైన పలకలమీద దూరమును భ్రమింపజేయు విద్యను ఇటలీవారు సాధించి యుండిరి. జోన్సు దానిని ఇంగ్లండు రంగస్థలమునకు తెచ్చెను. గ్లోబువంటి శాలలలో ప్రేక్షకులు రంగమునకు మూడు ప్రక్కల నిలుచుందురు. అచ్చట దృశ్యమును కల్పించునది కవియొక్క పలుకే. మన వీథినాటకములలో ఇరువురు తెర పట్టుకొని నిలువగా పాత్ర ప్రవేశించుటయు, అడవియైనను అంతఃపురమైనను ప్రేక్షకుడు మనస్సుతో చూచుటయు ఇట్టిదే గదా! జోన్సు పద్ధతి వేఱు. రంగమును ఒక ప్రక్కనే యుంచి, దానిచుట్టు అలంకరించిన చట్రమును బిగించి, ఆ చట్రములో జరుపుటకు వీలగు చిత్రపుపలకలను నిలిపెను. కన్నులు మూసి తెరచునంతలో అడవి పోయి నగరము వచ్చును. మేఘములు దిగి దేవతలను దించును. ఆయన గీచిన చిత్రములు అనేకములు నేటికిని ఛాట్స్‌వర్తు అను ప్రభుగృహమున భద్రముగా నున్నవి.

ఈ చిత్రవిద్యలో ఒక సూక్ష్మ మున్నది. దృశ్యమునందలి గీతలన్నియు సరిగా కలిసినట్లు కనబడు చోటు శాలలో ఒక్కటియే. ఆ చోటనే రాజుగారి ఆసన ముంచబడెను. అతని కొకనికే లోకము తీరుగా, నిండుగా కనబడును. ప్రక్కల కూర్చున్న వారికి మేడలు కొంచెము వంకర. రాజునుండి ఎంత దూరమైన అంత వంకర. సభలోని వారు రంగమునొక కంటను, రాజు నొక కంటను చూచుచుండిరి.

జాన్సనునకును జోన్సునకును తుదకు వైరము పొడమెను. మాస్కునకు ప్రాణము కవిత్వమని జాన్సను, దృశ్యమని జోన్సు. 1631 తరువాత జాన్సనునకు ఆస్థానమున మాస్కు వ్రాయు పిలుపు రాలేదు. జోన్సే గెలిచెను. తెలుగు పండితుడనగుటచే నా మొగ్గు జాన్సను పక్షమున కుండుట సహజము. కాని పాఠశాల వార్షికోత్సవములలో రంగుల తెర పైకి లేచినపుడు పిల్లలనుండి బయలుదేరు ఆ నిట్టూర్పును ఎన్ని యేండ్లో వింటిని. జోన్సు నూరకే గెలువలేదనియు నాకు తెలియును.

పాత విందుశాల 1619లో కాలిపోగా జోన్సే క్రొత్తదానిని నిర్మించెను. 1622కు అది పూర్తియయ్యెను. 1625లో జేమ్సు మరణించెను, ఛార్లెసు రాజయ్యెను. అతడు తండ్రి కీర్తిని చిత్రింపుమని రూబెన్సు అను ఫ్లాండర్సు చిత్రకారుని కోరగా, ఆ మహానుభావుడు జేమ్సు స్వర్గారోహణమును బ్రహ్మాండమైన పటములపై వ్రాసి పంపెను. అవి 1636లో విందుశాల కప్పునకు అమర్పబడెను. దివిటీల పొగకు అవి చెడునని ఆ తరువాత మాస్కులను వేఱు శాలకు మార్చిరి. ఛార్లెసు కళాభిరుచి గొప్పది. తాను యువరాజుగా నున్నప్పుడే, 1623లో, రాఫేలు వ్రాసిన మహాచిత్రములను కొనిపించెను. అవి ఇప్పుడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్టు మ్యూజియములో నున్నవి.

కాని రాజ్యపాలనమున అతని దృష్టి తన ఆసనమునుండి కనబడు దృశ్యమును దాటలేదు. రాజు దైవాంశసంభూతుడనియు, ప్రజలకు సమాధానము చెప్పనక్కరలేదనియు తండ్రివలె నమ్మెను. 1629 మొదలు 1640 వరకు పార్లమెంటును పిలువకయే పాలించి, దాని సమ్మతి లేనిపన్నులు వసూలు చేసెను. ఆ కాలపు మాస్కులన్నిటికిని ఒకే పోకడ. ముందు కలహమూర్తులు, వికృతవేషములు వచ్చి అల్లరి చేయును. అంతట రాజు ప్రత్యక్షమగును. అతని దర్శనమాత్రముననే అల్లరి యణగి శాంతి నెలకొనును. ఏటేట తన ఎదుట ఇట్లు ఆడబడిన కథను ఒక మనుష్యుడు నమ్మకుండుట కష్టము.

నాటకములు పాపకార్యములని వాదించు ప్యూరిటను మతస్థులలో విలియం ప్రిన్ అను న్యాయవాది వేయి పుటలకు మించిన ఖండనగ్రంథమును వ్రాసెను. అందు ఆడు స్త్రీలను నిందించిన పలుకులు, అప్పుడే ఒక నాటకమున పాల్గొన్న రాణి హెన్రియెట్టా మరియాను ఉద్దేశించినవని ఆరోపించిరి. 1634లో అతనికి 5,000 పౌనుల జరిమానాయు, యావజ్జీవ కారాగారమును విధించి, బహిరంగముగా చెవులు కోసిరి. ఆ సంవత్సరముననే న్యాయవాదుల సంఘములవారు తమ రాజభక్తిని చాటుకొనుటకై 20,000 పౌనులకు పైగా వెచ్చించి ఒక మాస్కును సమర్పించిరి. ప్రిన్ గ్రంథము చదువ దుర్భరమైనది, ద్వేషపూరితమైనది. ఐనను పుస్తకమునకు పుస్తకమే సమాధానము కావలెను గాని కత్తి కారాదు. ఆ చెవులు కోసిన దినమున నాటకమునకు కలిగిన మేలేమియు లేదు. దానికి శత్రువులు మాత్రము పెరిగిరి.

కడపటి మాస్కు 1640 జనవరి 21న జరిగెను. వ్రాసినవాడు విలియం డావెనంటు, దృశ్యములు జోన్సువి. పెనుతుపానుతో ఆరంభము, కలహదేవత ప్రవేశము, పిమ్మట ప్రజాప్రియుడను పేరుగల నాయకుడుగా ఛార్లెసు స్వయముగా సింహాసనముపై ప్రత్యక్షమగుట. రంగమున తుపాను శమించెను. మూడేండ్లు నిండకమునుపే బయట అంతర్యుద్ధ మారంభమయ్యెను.

1642 సెప్టెంబరు 2వ తేదీన పార్లమెంటు నాటకముల నన్నిటిని నిలిపివేయుచు ఆజ్ఞ చేసెను. 1648లో మఱింత కఠినమైన శాసనము వచ్చెను: నాటకశాలల రంగములను, ఆసనములను పడగొట్టవలెను, నటులను దేశదిమ్మరులవలె శిక్షింపవలెను, చూచినవారికి తలకు అయిదు షిల్లింగులు జరిమానా. ఎఱ్ఱని బట్ట నాటి రక్షణ పోయి, నటులు మరల 1572 నాటి స్థితికి దిగజారిరి. ఛార్లెసు ఓడి, బందీయై, విచారింపబడి మరణశిక్షకు గురియయ్యెను. 1649 జనవరి 30వ తేదీ మిక్కిలి చలిగానున్న దినము. చలికి వణకినచో భయముచే వణకుచున్నాడని జనులు తలతురేమోయని అతడు రెండు చొక్కాలు తొడుగుకొనెను. తండ్రి స్వర్గారోహణ చిత్రముల క్రిందుగా విందుశాలను దాటి, వెలుపల నల్లగుడ్డ కప్పిన వేదికమీద నిలిచెను. అతనికప్పుడు 48 ఏండ్లు. పాలనములో ఎన్ని లోపములున్నను ఆనాటి ధైర్యమును అతని శత్రువులును కొనియాడిరి.

నాటకశాలలు పదునెనిమిదేండ్లు మూతపడెను. ఐనను విద్య నశింపలేదు. కడపటి మాస్కును వ్రాసిన డావెనంటు రాజపక్షమున పోరాడి చెరసాలల పాలై బయటపడెను. అతడు 1656లో, రిపబ్లికు ప్రభుత్వపు కన్నుల ఎదుటనే, తాను ఆడించునది నాటకము కాదు, సంగీతమను నెపమున 'సీజ్ ఆఫ్ రోడ్స్' అను గేయరూపకమును తన యింట ప్రదర్శించెను. జోన్సు శిష్యుడైన జాన్ వెబ్బు చిత్రించిన దృశ్యములు అందు ఉపయోగింపబడెను. కోల్మను అను ఆమె అందు పాడెను. రాజుగారి ఆసనము ఎదుట మాత్రమే నిలిచిన ఆ చిత్రపుచట్రము ఇట్లు రాజు లేని దినములలో రుసుము చెల్లించిన వారి ముందుకు నడచివచ్చెను. వంశము కూలినప్పుడే దాని కళ గడప దాటుట గమనింపదగినది.

1660 మే 29న రెండవ ఛార్లెసు ప్రవాసమునుండి మరలి లండను ప్రవేశించెను. ఆ వేసవి గడవక మునుపే డావెనంటునకును, థామస్ కిలిగ్రూ అనువానికిని రెండు నాటకసమాజములు స్థాపించుకొనుటకు అనుమతి యిచ్చెను. అంతవరకు ఆంగ్ల వృత్తిరంగమున స్త్రీ పాత్రలను బాలురే ధరించుచుండిరి. మన స్థానం నరసింహారావుగారి సత్యభామను చూచినవారికి, పురుషుడు స్త్రీపాత్రను ఎంత మనోహరముగా నటింపవచ్చునో చెప్పనక్కరలేదు. ఆనాటి లండనులో కినాస్టన్ అను యువకుడును అట్టి ప్రఖ్యాతి గలవాడే. కాని 1660 డిసెంబరు 8వ తేదీన 'ఒథెల్లో' నాటకమున డెస్డిమోనా పాత్రను ఒక స్త్రీ ధరించెను. 1662 నాటి రాజపత్రములో ఇక స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని వ్రాయబడెను. నెల్ గ్విన్ నాటకశాలలో నారింజపండ్లు అమ్ముచు పెరిగి ప్రసిద్ధనటి యయ్యెను. ఆఫ్రా బెన్ అను ఆమె రాజుకొఱకు విదేశమున గూఢచారిణిగా పనిచేసి, జీతము చేతికందక అప్పులపాలై, పిమ్మట నాటకములు వ్రాసి జీవించెను. కలమును వృత్తిగా చేసికొన్న తొలి ఆంగ్ల రచయిత్రులలో ఆమె ముఖ్యురాలు. 1689లో వెస్ట్‌మినిస్టరు ఆబీలో ఆమెకు సమాధి లభించెను.

ఆ కాలపు నాటకములలో చాల వానియందు సరసము హద్దు మీరినది. వానిని గూర్చి ఇచ్చట విస్తరింప పనిలేదు. ఇంకొక తప్పును మాత్రము చెప్పక విడువలేను. 1681లో నహూమ్ టేటు అను కవి 'కింగ్ లియరు' నాటకమును తిరుగవ్రాసి, లియరు మరణింపనట్లును, కార్డీలియాకు పెండ్లియైనట్లును మంగళాంతము చేసెను. ఆ కూర్పే నూటయేబదియేండ్లకు పైగా రంగమున ఆడబడెను! 1838లో మాక్రెడీ అను నటుడు మూలకథను తిరిగి నిలిపెను. మొదటి జేమ్సు కూర్చుండి చూచిన శోకమును అతని మనుమల కాలపు ప్రేక్షకులు సహింపలేకపోయిరి కాబోలు.

జోన్సు తెచ్చిన చట్రమును, చిత్రించిన దృశ్యమును క్రొత్త నాటకశాలలన్నిటను స్థిరపడెను. ఈస్టిండియా కంపెనీ కాలమున ఆంగ్లేయులు కలకత్తాలోను బొంబాయిలోను అట్టి శాలలను కట్టుకొనిరి. వానిని చూచి పారసీకులు నాటకసమాజములను స్థాపించిరి. పారసీ, ధార్వాడ సమాజములు ఊరూర తిరిగి ఆడగా, ఆ రంగుల తెరలు 19వ శతాబ్ది చివరి భాగమున తెలుగునాటను పరిచితములయ్యెను. కడప మండలములోని సురభి గ్రామమున 1885లో 'కీచకవధ'తో ప్రారంభమైన సురభి సమాజమువారు, తోలుబొమ్మలాట వంశీకులు, ఆ తెరలను, తీగెలమీద ఎగిరివచ్చు దేవతలను, యంత్రపు మాయలను తమ స్వంతము చేసికొని తరతరములుగా ఆడిరి. వారి 'మాయాబజారు'లో ఒక్క క్షణమున అడవి మేడయగుట చూచినవారు, ఇనిగో జోన్సు పేరు వినకున్నను అతని విద్యకు దూరపుబంధువులే. ఐతే సురభివారి పందిరిలో మంచి ఆసనము ముందుగా వచ్చినవానిది.

స్టువర్టుల కథ ఎక్కువ కాలము సాగలేదు. రెండవ ఛార్లెసు తమ్ముడు రెండవ జేమ్సు 1688 డిసెంబరులో ప్రాసాదము విడిచి ఫ్రాన్సునకు పారిపోయెను. అతని కుమార్తెలు మేరీ, ఆన్ వరుసగా రాణులైరి. 1714లో ఆన్ మరణముతో కిరీటము హానోవరు వంశమునకు చేరెను. సింహాసనమును మరల గెలువ జేసిన యత్నము 1746 ఏప్రిలు 16న కల్లోడెను యుద్ధభూమిలో ముగిసెను. ఆ శాఖలో కడపటి పురుషుడు హెన్రీ ఇటలీలో మతాచార్యుడుగా నుండి 1807లో కన్నుమూసెను.

రెండవ ఛార్లెసు ఇచ్చిన రాజపత్రములు మాత్రము చేతులు మారుచు వచ్చెను. డావెనంటు సమాజపు పత్రము చేతబట్టుకొనియే 1732లో జాన్ రిచ్ అనువాడు కోవెంట్ గార్డెన్ నాటకశాలను తెరచెను. నేటి రాయల్ ఆపెరా హౌసు ఆ స్థలముననే యున్నది. లండనులో సంభాషణ నాటకములను ఆడించు హక్కు ప్రధానముగా ఈ పత్రముల వారికే చెల్లుచుండెడిది. ఆ గుత్త 1843లో గాని రద్దు కాలేదు. కిలిగ్రూ 1663లో తెరచిన డ్రూరీలేను నాటకశాల 1672లో కాలెను, 1809లో మరల కాలెను. 1812లో కట్టిన నాలుగవ భవనమున ఈనాటికిని నాటకము లాడుచున్నారు.